మూడో పేరా

ఇంటాయన నోటీసును తలుపుకి నాలుగు మూలలా టేపు వేసి మరీ అంటించాడు. చేతికివ్వొచ్చు, తలుపు కిందనుంచి లోపలికి తోయొచ్చు. అలా చేస్తే క్లినిక్కుల నుంచి పళ్ళ అచ్చులు తెచ్చేవాళ్ళు చదవరు కదా. పదిమందీ చదవాలనే అక్కడ అంటించాడు.

పళ్ళావిడ రెండో అంతస్తు ఎక్కి, సంచి కిందపెట్టి, నిలబడే చదివింది. ఆ వీధిలో ఆమెకి ఆ పేరు స్థిరపడిపోయింది. కట్టుడు పళ్ళు చేస్తుంది. కొత్తవాళ్ళెవరైనా ఆ పేరు విని అరటిపళ్ళు కొనడానికి మెట్లెక్కి వచ్చి, కిటికీ దగ్గర బల్ల మీద వరసగా ఇకిలిస్తున్న దవడల్ని చూసి, వచ్చినదారినే దిగిపోవడం ఏడాదికి రెండుమూడుసార్లు జరిగేదే. ఆ రోజు పొద్దున్నే ఒక రిటైర్డ్ మాస్టారికి పైదవడ పళ్ళసెట్టు ఇచ్చి వస్తోంది. ఒక్క చోట కూడా గీరాల్సిన పని లేకుండా చిగుళ్ళకి అతుక్కుపోయింది. మాస్టారు అద్దంలో చూసుకుని 'ష' పలికి, 'స' పలికి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సంతోషం నలభై రెండు మెట్లూ ఎక్కేదాకా ఉంది. తలుపు దగ్గర ఆవిరైపోయింది.

నోటీసులో నాలుగు పేరాలున్నాయి. మొదటిది, ఇల్లు అద్దెకిచ్చింది నీ భర్తకి, అతను మరణించాడు గనక ఒప్పందం రద్దయిందని. రెండోది, మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్న మా తల్లిగారి నివాసం కోసం ఈ వాటా అవసరమైందని. మూడోది, నీతో పాటు ఉంటున్న నీ ఆడపడుచుకు ఈ ఇంటితో ఎలాంటి సంబంధమూ హక్కూ లేవు, ఆమె బయటి వ్యక్తి అని. నాలుగోది, పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యకపోతే సామాను వీధిలో పెట్టబడుతుందని.

ఆమె టేపు చివర గోటితో లేపుతుంటే లోపలినుంచి తలుపు తెరుచుకుంది.

"చదివావా? నేను పొద్దున్నే చదివాను" అంది వదిన.

"చదివి అలాగే వదిలేశారా? తీసి లోపల పెట్టొచ్చుగా."

"నేనెలా తీస్తాను? బయటి వ్యక్తిని కదా."

వదిన ఆమె భర్తకి అక్క. అరవై ఒకటేళ్ళు. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసి రిటైరైంది. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఒక మధ్యాహ్నం ఏదో ఆఫీసు మెట్ల మీద కూర్చుని మరి లేవలేదు. ఆ కబురు విని వచ్చిన అక్క పది రోజులుండి వెళతానంది. ఏడాదిన్నరయింది. ఈ ఏడాదిన్నరలో ఆ ఇంట్లో మడతపడని వస్తువు లేదు. తువ్వాళ్ళు, సంచులు, పాత పేపర్లు, చివరికి బల్ల తుడిచే గుడ్డ కూడా అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఎక్కడో దాచేది. పళ్ళావిడకి చేతికి కావలసింది చేతికి దొరికేది కాదు. ఆవిడకి ఈవిడ చిందరవందర కంట్లో నలుసు, ఈవిడకి ఆవిడ సర్దుడు చెవిలో జోరీగ. పోయినవాడి గురించి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"అంతా నువ్వు తెచ్చిపెట్టిందే. పెచ్చు ఊడితే ఊడింది. మునిసిపాలిటీకి రాయమని నీకెవరు చెప్పారు?" అంది వదిన.

పెచ్చు ఊడిన మాట నిజం. పైకప్పు నుంచి పలకంత పెచ్చు బల్ల మీద పడి, మూడు దవడలు పిండైపోయాయి. బాగుచేయించమని మూడుసార్లు అడిగి, విసుగెత్తి మునిసిపాలిటీకి ఉత్తరం రాసింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఇంటాయనకి నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళాడు. అది జరిగి పది రోజులు.

ఆమె సంచి అక్కడే వదిలేసి కిందికి దిగింది.

ఇంటాయన్ని వీధంతా తాళాలాయన అంటారు. నడుముకి గుత్తి వేలాడుతుంది. మనిషికన్నా ముందు ఆ చప్పుడొస్తుంది. మొదటి అంతస్తులో ఉండే లెక్కల గుమాస్తా కుటుంబం ఆయన నోటిమాటకే జడిసి పోయిన నెల ఖాళీ చేసి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆ వాటాని చెక్కలతో అడ్డుకట్టి అగ్గిపెట్టెల్లాంటి గదులు చేయిస్తున్నాడు, మంచానికో మనిషిని పెట్టి అద్దెకివ్వడానికి. రంపం పొట్టు మెట్ల మీద పిండిలా పరుచుకుని ఉంది.

"ఏంటండీ ఇది?" అంది ఆమె కాగితం చూపించి.

"అర్థమయ్యేలాగే రాశాను కదా." అతను వడ్రంగి పనే చూస్తున్నాడు. "చదువుకున్నదానివి, నీకు విడమరిచి చెప్పాలా?"

పోయిన నెలదాకా 'మీరు' అనేవాడు. భర్త బతికుండగా నీళ్ళ మోటారు చెడితే చాలు, తమ్ముడూ తమ్ముడూ అంటూ పైకి వచ్చి బతిమాలేవాడు.

"పద్నాలుగేళ్ళ నుంచి ఉంటున్నాం."

"ఉన్నది మీ ఆయన. ఆయన పోయాడు. నీకూ నాకూ ఒప్పందమేంటి?"

"ఏడాదిన్నర నుంచి అద్దె ఎవరిచేతిలోంచి తీసుకుంటున్నారు మరి? ఆయన దయ్యమై వచ్చి ఇస్తున్నాడా?"

అప్పుడు ఇటు తిరిగాడు. "నోరు లేస్తోందే! అర్జీలు రాసినప్పుడే అనుకున్నాను."

"నెత్తిన పెచ్చు పడితే అర్జీ కాక పెళ్ళిపత్రిక రాస్తారా?"

"పదిహేను రోజులు" అన్నాడు, పళ్ళు పటపట కొరికి. ఆమె చూపు అలవాటుకొద్దీ అతని పళ్ళ మీదికే పోయింది. ముందుపళ్ళ అంచులు అరిగి సమంగా అయిపోయాయి. నిద్రలో కూడా నూరతాడన్నమాట. "పదహారో రోజు నీ దవడలన్నీ రోడ్డు మీద నవ్వుతుంటాయి."

ఆ మర్నాడే ఆమె అద్దెదారుల సంఘానికి వెళ్ళింది. ఒక క్లినిక్కులో నర్సు చెప్పిన అడ్రసు అది. ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద ఒకే గది. కింద మిషను తిరిగినప్పుడల్లా కుర్చీలు సన్నగా వణుకుతాయి. అక్కడ కూర్చునే పెద్దావిడ ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఇప్పటికీ గొంతు అదే. లైనులో ఉన్న నలుగుర్నీ "ముందుకి జరగండి, ముందుకి" అంటూ పిలుస్తోంది. నోటీసు తీసుకుని, ఒక్కొక్క వాక్యం కింద స్కేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"చూడమ్మా, ఇది నోటీసు. తీర్పు కాదు. వెళ్ళమన్నాడు, అంతే. వెళ్ళగొట్టే అధికారం ఆయనకి లేదు. అద్దె వివాదాల ఆఫీసులో అధికారికి ఉంది. అదీ ఇద్దరూ చెప్పింది విన్నాకే."

"పదిహేను రోజులంటున్నాడు కదండీ."

"అనడానికేం, పదిహేను నిమిషాలనీ అనొచ్చు. ఇన్నేళ్ళున్నవాళ్ళకి ఆరు నెలల గడువివ్వాలి. చెప్పిన కారణం నిజమని చూపించాలి. ఇక మీ ఆయన పోయాడన్న సంగతంటారా, ఆ ఇంట్లోనే కాపురమున్న భార్యకి ఆ ఒప్పందం దానంతటదే వస్తుంది. కొత్త కాగితం అక్కర్లేదు. మొదటి పేరా చిత్తుకాగితం."

"మా వదిన సంగతి?"

కండక్టరమ్మ స్కేలు మూడో పేరా కింద ఆపింది. "ఆవిడ మీ మనిషిగా మీ దగ్గర ఉండొచ్చు, ఎవడూ కాదనలేడు. కానీ అద్దెదారు మీరొక్కరే. ఆవిడకంటూ విడిగా హక్కేమీ లేదు. ఈ ఒక్క ముక్కా సరిగ్గానే రాశాడు."

తర్వాత జాబు ఎలా రాయాలో చెప్పి రాయించింది. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచమంది. విచారణకి దరఖాస్తు తనే నింపింది. "ఇక వినండి. ఆయన నీళ్ళు ఆపకూడదు, కరెంటు తియ్యకూడదు, తాళం మార్చకూడదు. కూడదు గనక మూడూ చేస్తాడు. చేసినప్పుడల్లా తారీఖూ టైమూ వేసి రాసుకోండి, ఫోటో తియ్యండి. మీరు మాత్రం తిట్టకండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మీ వదినగారితో కూడా ఈ మాట చెప్పండి."

పళ్ళావిడ చెప్పలేదు. దాచాలని కాదు. ఆమె ఇంటికొచ్చేసరికి వదిన బల్ల మీద చల్లారడానికి పెట్టిన మైనం అచ్చుల్ని పక్కకి నెట్టి, గుడ్డ పరిచి, ఇస్త్రీ చేస్తోంది. వేడికి ఒక అచ్చు మెత్తబడి దవడ వంకరపోయింది. దాని మీద మాటా మాటా పెరిగి, ఆ రోజంతా ఇద్దరికీ మాటల్లేవు. చెప్పాల్సింది చెప్పకుండానే ఉండిపోయింది.

జాబు అందిన మర్నాడే నీళ్ళు ఆగిపోయాయి. కింద వాల్వు తిప్పేసి, దాని పిడి ఊడదీసి పట్టుకుపోయాడు. అడిగితే "పైపు పాతది. రిపేరు చేయిస్తాను, టైము పడుతుంది" అన్నాడు. ఆ సాయంత్రం మెట్ల మీద బల్బు మాయమైంది. పళ్ళావిడ ఒక రూళ్ళ పుస్తకం కొని తారీఖు వేసి రాసింది. వాల్వు ఫోటో తీసింది. ఖాళీ హోల్డరు ఫోటో తీసింది.

ఆమె పనికి నీళ్ళే ప్రాణం. ప్లాస్టర్ కలపాలంటే నీళ్ళు. అచ్చులోంచి మైనం కరిగించి కడిగెయ్యాలంటే మరుగుతున్న నీళ్ళు. గులాబీరంగు ముద్దని కూరి, బిగించి, గంటల తరబడి వేడినీళ్ళలో ఉంచితే గాని అది గట్టిపడి పంటిచిగురవదు. చివర్న పాలిషుకీ నీళ్ళే. ఐదు సెట్లు ఇవ్వాల్సిన గడువు మీద ఉన్నాయి. వీధి చివర కుళాయి ఉంది. అక్కణ్ణుంచి బకెట్లు మోసుకురావాలి.

మోసింది ఎక్కువగా వదినే. ఎవరూ అడగలేదు. లాండ్రీలో తడిదుప్పట్లెత్తిన చేతులవి. పొద్దున ఆరు బకెట్లు, సాయంత్రం నాలుగు. ప్రతి బకెట్టుతోనూ గుమ్మంలో నిలబడి రొప్పుతూ, మెట్లని, ఇంటాయన్ని, మునిసిపాలిటీని, మరదల్ని వరసపెట్టి దులిపేసేది.

పదహారో రోజున తాళాలాయన తాళాలు చేసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పొద్దున పది గంటలు. పళ్ళావిడ కోరపన్ను ఒకటి మైనంలో కుదురుస్తోంది. చప్పుడు విని, చేతిలో కత్తి బల్ల మీద పెట్టేసి, వట్టిచేతులతోనే వెళ్ళి తలుపు బార్లా తెరిచి గడపలో నిలబడింది.

"తప్పుకో. తాళం మారుస్తున్నాం."

ఆమె తప్పుకోలేదు. పనివాడి వైపే చూసి అంది, "బాబూ, లోపల ఇద్దరు మనుషులం ఉన్నాం. ఇది విచారణకి వెళ్ళిన ఇల్లు. మార్చు, కానీ నీ పేరేంటో, ఏ షాపో చెప్పి మార్చు. పుస్తకంలో రాసుకోవాలి."

పనివాడు ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. దవడలు చూశాడు. తర్వాత ఇంటాయన్ని చూశాడు. "ఖాళీ ఇల్లన్నారు కదండీ మీరు?"

"నేను ఓనర్నిరా! నేను మార్చమంటున్నాను."

"అధికారి సంతకమున్న కాగితం ఉంటే చెప్పండి. లేకపోతే నావల్ల కాదు." పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని దిగిపోయాడు.

తాళాలాయన ముఖం కందగడ్డలా అయిపోయింది. ఆమె ముక్కుకి తగిలేంత దగ్గరగా వేలు చూపించి, "నీ పళ్ళు రాలగొట్టిస్తా!" అని అరిచాడు.

"రాలగొట్టించండి. నావి నేను కట్టుకోగలను. మీవి రాలితేనే చూసుకోండి, ఇంకో ఊరు పోవాల్సి వస్తుంది."

వెనకాల వదిన ఫక్కుమంది. ఈ ఏడాదిన్నరలో ఆవిడ నవ్వు వినడం పళ్ళావిడకి అదే మొదటిసారి. తాళాలాయన దిగిపోతూ మెట్ల కమ్మీని కాలితో తన్నాడు. కమ్మీ కన్నా అతనికే ఎక్కువ దెబ్బ తగిలిందని చప్పుడు చెప్పింది. ఆమె తలుపు వేసి బల్ల దగ్గర కూర్చుంది. కోరపన్ను మూడుసార్లు పెట్టినా పక్కకే వాలింది. అన్నమాట అన్నట్టు పుస్తకంలో రాసి, తను అన్నదీ రాసింది. తిట్టొద్దన్నారు గాని, అది తిట్టు కాదనుకుంది.

ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు.

సెట్లు గట్టిపడే పెద్ద గిన్నెలో నీళ్ళు తగ్గిపోయాయి. ఆ సమయంలో నీళ్ళు తగ్గితే చిగుళ్ళలో బుడగలొచ్చి సెట్టంతా పాడవుతుంది. వంటింట్లో వదిన మూతపెట్టి దాచిన బిందె ఉంది. తాగడానికని వడకట్టి, కాచి, చల్లార్చిన నీళ్ళు. పళ్ళావిడ క్షణం ఆలోచించకుండా బిందెడూ గిన్నెలో పోసేసింది. అప్పుడే చివరి బకెట్టుతో వచ్చిన వదిన ఖాళీ బిందె చూసింది.

"మనుషులు తాగే నీళ్ళలో ఎవడివో పళ్ళు ఉడకబెడుతున్నావా!" బకెట్టు దభీమని కింద పెట్టింది. నీళ్ళు చింది పాదాలు తడిశాయి. "నడుం విరగ్గొట్టుకుని మోస్తుంటే నీకు నేను మనిషిలా కనిపిస్తున్నానా, పంపులా కనిపిస్తున్నానా?"

"అవి పాడైతే మనకి తిండి లేదు. మళ్ళీ తెచ్చుకుంటే సరిపోయేది నీళ్ళే కదా."

"తెచ్చుకుంటే! ఎవరు తెచ్చేది? నా తమ్ముణ్ణీ ఇలాగే వాడుకున్నావు. ఆదివారం లేదు, పండగ లేదు, ఇది బిగించు, అది తిప్పు. ఒక్కనాడైనా ఊపిరి తీసుకోనిచ్చావా వాణ్ణి?"

అరికాలి మంట నెత్తికెక్కింది పళ్ళావిడకి. ఆ తర్వాత అన్నమాట తనే అన్నదని ఆమెకి చాలాకాలం నమ్మబుద్ధి కాలేదు. గొంతు కూడా పెంచలేదు. గిన్నె కింద మంట చూసుకుంటూ అంది:

"ఆ నోటీసులో మూడో పేరా ఒక్కటే నిజం వదినా. మిమ్మల్నిక్కడికి ఎవరూ పిలవలేదు."

వదిన గుడ్డ అందుకుంది. కింద పడ్డ నీళ్ళు తుడిచి, ఆ గుడ్డ పిండి, మడతపెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే బకెట్టు పట్టుకుని దిగింది. రోజూ పావుగంటలో వచ్చే మనిషి గంటన్నరకి వచ్చింది. ఎందుకాలస్యమైందని పళ్ళావిడ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. నీళ్ళు మాత్రం ఎప్పట్లాగే ఆరు బకెట్లు వచ్చాయి, తిట్లు లేకుండా.

విచారణ వచ్చే వారంలో పడింది. మునిసిపల్ భవనంలో వెనకవైపు గది. గోడలకి సగందాకా ఆకుపచ్చ రంగు. పొడుగుబల్ల అవతల అధికారి. నడివయసు దాటిన మనిషి, మాట్లాడేటప్పుడు బుగ్గ ఎడమవైపు లోపలికి పోతోంది. కింది దవడ పళ్ళు రెండు లేవని పళ్ళావిడ లెక్కకట్టింది. ఆ లెక్క కట్టడంతో కాస్త ఊపిరాడింది. పక్కన కండక్టరమ్మ కూర్చుంది. వదిన వెనక బెంచీలో గోడకి ఆనుకుని కూర్చుంది. రావక్కర్లేదని ఈవిడ అనలేదు, వస్తానని ఆవిడా అనలేదు. బస్సెక్కితే ఎక్కింది, అంతే.

మొదటి పేరా రెండు నిమిషాల్లో తేలిపోయింది. అధికారి పుస్తకమేదీ తెరవకుండానే, "భార్య అక్కడే ఉంటోంది కదా? ఒప్పందం ఆమెదే. తర్వాత?" అన్నాడు. రెండో పేరా దగ్గర తల ఎత్తాడు.

"మోకాళ్ళ నొప్పుల మనిషిని ఏ అంతస్తులో పెడదామనుకుంటున్నారు?"

"రెండోదండీ. గాలీ వెలుతురూ బాగుంటాయి" అన్నాడు తాళాలాయన. గుత్తిని ఒళ్ళో పెట్టుకుని చప్పుడు కాకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

"లిఫ్టుందా?"

"లేదండీ."

"మెట్లెన్ని?"

తాళాలాయన నసిగాడు. వెనకనుంచి గొంతొచ్చింది, "నలభై రెండు."

"మీరెవరమ్మా?"

"వాటి మీద రోజూ నీళ్ళు మోసేదాన్ని" అంది వదిన.

అధికారి పళ్ళావిడ పుస్తకం తీసుకుని, వాల్వు ఫోటోలు, తాళం మార్చబోయిన రోజు రాసుకున్నదీ చదివాడు. పళ్ళు రాలగొట్టే మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, పేజీ తిప్పాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా తాళాలాయన జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"ఇవన్నీ ఎందుకండీ. వాళ్ళే ఖాళీ చేస్తామని రాసిచ్చారు."

అధికారి పైకి చదివాడు. మేము ఈ నెలాఖరుకల్లా మా ఇష్టపూర్వకంగా వాటా ఖాళీ చేస్తామని, ఈ విషయంలో ఎలాంటి అభ్యంతరమూ లేదని, ఇంట్లో అందరి తరఫునా సంతకం చేస్తున్నానని. కింద వదిన సంతకం.

పళ్ళావిడకి కాగితం చూపించారు. చూడక్కర్లేదు. ఇస్త్రీ చేసినట్టుండే ఆ అక్షరాలు ఆమెకి తెలుసు. తారీఖు కూడా తెలిసిందే. గంటన్నర ఆలస్యమైన పొద్దు. వెనక్కి తిరిగింది. వదిన తన అరచేతులు చూసుకుంటోంది.

"సంతకం పెట్టొద్దని చెప్పలేదా మీరు?" అని కండక్టరమ్మ చెవిలో గొణిగింది.

"సంతకం మీదేనా?" అధికారి అడిగాడు.

వదిన లేచి నిలబడింది. "నాదేనండీ."

"ఎవరైనా బెదిరించి పెట్టించారా?"

అవునంటే సరిపోయేది. తాళాలాయన గుత్తి మీద వేళ్ళు బిగుసుకోవడం పళ్ళావిడకి కనిపించింది. అవునంటుందనే అనుకుంది.

"లేదండీ. చదివే పెట్టాను. కోపంలో పెట్టాను."

"ఎవరి మీద కోపం?"

"అది మా ఇంటి గొడవండీ. ఇక్కడ చెప్పను." కొంగు సర్దుకుని మళ్ళీ అంది, "నీళ్ళకని దిగితే ఈయన కూర్చోబెట్టి మాట్లాడాడు. పైవాటా చెక్కలు కొట్టించి గదులు చేస్తానన్నాడు. కింద వాళ్ళమ్మగారి పక్కన నాకో గదిస్తాను, ఆవిణ్ణి చూసుకుంటూ ఉండమన్నాడు."

అధికారి కలం ఆగింది. "అంటే వాళ్ళమ్మగారు కిందే ఉంటారన్నమాట."

"ఆవిడ గడప దాటితే కదండీ, మెట్లెక్కడానికి."

తాళాలాయన ఒంటికాలి మీద లేచాడు. "ఆ సంగతి వదిలెయ్యండి! ఇంట్లో పెద్దదిక్కు సంతకం పెట్టింది. సంతకం సంతకమే కదండీ!"

పళ్ళావిడకి అప్పుడు తట్టింది. తట్టిన మరుక్షణం, అది పైకి అనాలంటే నోరు రాలేదు. వదిన ఇంకా నిలబడే ఉంది. అన్నమాట ఒకసారి అన్నదే. అదే మాట ఇప్పుడు గదిలో అందరి ముందూ, ఆవిడ చూస్తుండగా అనాలి.

"అయ్యా, నోటీసు మూడో పేరా ఒకసారి చదవండి" అంది.

అధికారి చదివాడు. ఎలాంటి సంబంధమూ హక్కూ లేవు, ఆమె బయటి వ్యక్తి అన్నదాకా, ఒక్క అక్షరం వదలకుండా.

"ఆయనే రాశారు. ఏ సంబంధమూ లేని బయటి మనిషి సంతకం పెడితే నేనెందుకు ఖాళీ చెయ్యాలి?"

"అది వేరు, ఇది వేరు!" అన్నాడు తాళాలాయన.

"రెండూ మీరు రాయించినవే. ఆవిడ ఇంటి మనిషో బయటి మనిషో ఏదో ఒకటి తేల్చుకుని రావాల్సింది." అధికారి ఆ సంతకం కాగితాన్ని పక్కకి పెట్టేశాడు.

నోటీసు చెల్లదన్నాడు. నీళ్ళు, మెట్ల మీద దీపం రెండు రోజుల్లో రావాలని, రాకపోతే జరిమానా ఉంటుందని, పైకప్పు నెలలోగా బాగుచేయించాలని రాశాడు. ఇల్లు నిజంగా కావాలనుకుంటే ఉన్న కారణం రాసి, ఆరు నెలల గడువుతో మళ్ళీ నోటీసివ్వొచ్చని కూడా చెప్పాడు. ఆ చివరి మాటకి తాళాలాయన ముఖం కాస్త తేరుకుంది. బయటికి వస్తూ పళ్ళావిడ పక్కనుంచి పోతూ, "ఆరు నెలలే" అన్నాడు.

వరండాలో కండక్టరమ్మ వదినని ఎగాదిగా చూసి, "నిజం చెప్పి గెలిపించారు. పుణ్యం ఉంటుంది గాని, ఇంకెప్పుడూ కోపంలో కలం ముట్టుకోకండి" అని తన దారిన వెళ్ళిపోయింది.

బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. ఇంటికొచ్చి, తలుపు వేసి, చెప్పులు విడిచాక పళ్ళావిడ అడిగింది.

"ఎందుకు చేశారు ఆ పని?"

"నువ్వెందుకు అన్నావు ఆ మాట?"

వదిన విడిచిన చెప్పులు జత కలిపి పెట్టి, "అందరి ముందూ నన్ను బయటిమనిషని చదివించావు" అంది.

"అన్నది నేను కాదు. అతను."

"మొదట అతను. తర్వాత నువ్వు." వదిన ఇటు తిరిగింది. "అతనంటే నాకేం? దారినపోయేవాడు."

పళ్ళావిడ తప్పయిందని అనబోయింది. ఆ సంతకం గుర్తొచ్చి ఆగిపోయింది. బల్ల దగ్గరికి వెళ్ళి చేతులు ఎందులో కడుక్కోవాలో తోచక నిలబడితే, వదిన చెంబుతో నీళ్ళు తెచ్చి చేతుల మీద పోసింది. పోసినంతసేపూ ముఖం అటు తిప్పుకునే ఉంది.

మూడో రోజున కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రనీళ్ళు కక్కి, తర్వాత మామూలుగా వచ్చింది. నెల తిరక్కుండానే కొత్త నోటీసూ వచ్చింది. ఈసారి అంటించలేదు. తాళాలాయనే చేత్తో తెచ్చాడు. పళ్ళావిడ అతన్ని గడప బయటే నిలబెట్టి, స్కేలు తెచ్చుకుని, వాక్యం వాక్యం చదివింది. గదులుగా మార్చడానికి ఇల్లు కావాలని ఉన్నదున్నట్టు రాశాడు. గడువు ఆరు నెలలు. వదిన ప్రస్తావనే లేదు. ఎక్కడా తప్పు దొరకలేదు.

"బాగానే నేర్చుకున్నారే" అంటూ నోటీసు అందినట్టు రాసిచ్చింది.

ఆ ఆరు నెలలూ సుఖంగా గడిచాయని చెప్పడానికి లేదు. కింద రంపం మోత, మెట్ల మీద ఎదురైతే గోడకేసి ఉమ్మడం, పైకప్పుకి నామమాత్రంగా పూసిన సిమెంటు మళ్ళీ రాలడం, దాని మీద మళ్ళీ అర్జీ. లోపల ఇద్దరాడవాళ్ళూ మునుపటిలాగే తగువులాడుకున్నారు. వదిన సంతకం మాట ఈవిడ మరిచిపోలేదు, ఈవిడ అన్నమాట ఆవిడా మరిచిపోలేదు. ఒకసారి మాత్రం వదిన ఇస్త్రీ చేస్తూ, "వాడికి ఆదివారాలు ఇంట్లో కూర్చోవడం చేతకాదు. చిన్నప్పట్నుంచీ అంతే. నీ తప్పేం లేదులే" అంది, ఎవరితోనో అన్నట్టు. పళ్ళావిడ పన్ను కుదురుస్తూ, "అవును, కూర్చోబెడితే గడియారం విప్పేసేవాడు" అంది. తర్వాత చాలాసేపు అతని గురించి చెప్పుకున్నారు.

ఐదో నెలలో రెండు వీధుల అవతల నేల అంతస్తులో ఒక వాటా దొరికింది. బల్ల పట్టేంత కిటికీ ఉంది. ఆ ఇంటావిడ బడి దగ్గర స్టేషనరీ షాపు నడుపుతుంది. అద్దె కాగితం తనే రాయడానికి కూర్చుని, వెనక నిలబడ్డ మనిషిని చూసి అడిగింది, "ఈవిడ మీకేమవుతారు?"

"మా ఆయన అక్క. అద్దెదార్లం ఇద్దరం. ఇద్దరి పేర్లూ రాయండి" అంది పళ్ళావిడ.

ఇంటావిడ కలం తీసింది. వదిన అప్పటిదాకా గది మూలలు చూస్తున్నదల్లా గబగబా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా పేరు ముందు రాయండి" అంది. "నేను పెద్దదాన్ని."